రెఫరీ లేని ఆటకు కెప్టెన్: మిక్స్‌డ్ అల్టిమేట్ జట్టును నడిపే పద్ధతి

ఎగిరే డిస్క్‌ను పాస్ చేసుకుంటూ ఆడే అల్టిమేట్‌లో విజిల్ ఊదే మనిషి ఉండడు. ఫౌల్ జరిగిందని చెప్పాల్సింది దెబ్బ తగిలిన ఆటగాడే. ఒప్పుకోవాలన్నా కాదనాలన్నా తగిలించినవాళ్లే చెప్పాలి. ప్రపంచ ఫ్లయింగ్ డిస్క్ సమాఖ్య నియమాల్లో ఉన్న పద్ధతి ఇదే. సరదాగా ఆడే జట్లలో గొడవలు ఎక్కువగా దుర్బుద్ధి వల్ల రావు. నియమం సగం తెలిసి, సమయానికి సరైన మాట నోట్లో లేక వస్తాయి. అందుకే కెప్టెన్ పనిలో ఎక్కువ భాగం మ్యాచ్‌కు ముందే అయిపోవాలి. అందులో రెండు పనులు మిగతా అన్నిటికంటే ముఖ్యం: జట్టుకు కాల్ చేయడం (తప్పు జరిగిందని గట్టిగా పిలవడం) నేర్పడం, అమ్మాయిల చేతికి డిస్క్ అందేలా ఆటను అమర్చడం.

ముందు మనుషుల లెక్క చూసుకోండి. మైదానంలో జట్టుకు ఏడుగురు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడే మిక్స్‌డ్‌లో ఒక పాయింట్‌కు (ఒక గోల్ పడేదాకా సాగే ఆటకు) నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు దిగితే ఇంకో పాయింట్‌కు అది తిరగబడుతుంది. సగటున అటు మూడున్నర, ఇటు మూడున్నర. జట్టుకు తొమ్మిది మంది అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు వచ్చారనుకోండి. 15-10తో ముగిసే మ్యాచ్‌లో 25 పాయింట్లు. ఒక్కో అమ్మాయి పద్నాలుగు పదిహేను పాయింట్లు ఆడాలి, ఒక్కో అబ్బాయికి పది కూడా రావు. రెండో సగానికి అమ్మాయిల కాళ్లు లాగేస్తాయి, అబ్బాయిలేమో సైడ్‌లైన్‌లో విసుక్కుంటుంటారు. ఎనిమిది, ఎనిమిది ఉంటే అందరికీ సరిపోతుంది. అంతమంది దొరకనప్పుడు అమ్మాయిల రొటేషన్, అబ్బాయిల రొటేషన్ రెండు వేర్వేరు కాగితాల మీద రాసి పెట్టుకోండి. ఒకటే జాబితాతో నడిపితే మూడో పాయింట్‌కే గందరగోళం అవుతుంది.

అమ్మాయిలు రావాలంటే గ్రౌండ్ ఎంపిక దగ్గరే ఆలోచించాలి. బట్టలు మార్చుకునే చోటు, శుభ్రమైన బాత్‌రూమ్, మంచినీళ్లు, వెలుతురు, ఇంటికి చేరే దారి. హైదరాబాద్‌లో అయితే మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న గ్రౌండ్ అయితే మేలు. ఈ అయిదింట్లో రెండు లేకపోతే ఎంత బతిమాలినా మూడో వారానికి అమ్మాయిల సంఖ్య సగానికి పడిపోతుంది. "వాళ్లకు ఆసక్తి లేదు" అనే ముందు ఒకసారి ఈ లిస్టు చూసుకోండి.

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. 175 గ్రాముల డిస్క్‌లు అయిదారు, రెండు రంగుల జెర్సీలు, పది కోన్లు, చిన్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఐస్. పూర్తి మైదానం 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు ఉంటుంది. రెండు చివర్లా 18 మీటర్ల ఎండ్ జోన్లు (అవతలి ఎండ్ జోన్‌లో డిస్క్ పట్టుకుంటే గోల్), మధ్యలో 64 మీటర్లు. టేపు లేకపోతే అడుగులతో కొలవొచ్చు. అంగ 75 సెంటీమీటర్లుంటే ఎండ్ జోన్ 24 అంగలు, వెడల్పు దాదాపు 50. మూలలకూ గోల్ లైన్లకూ కలిపి ఎనిమిది కోన్లు, బ్రిక్ మార్కులకు (పాయింట్ మొదట్లో విసిరిన డిస్క్ బయట పడితే ఆట మొదలుపెట్టే గుర్తులకు) మిగతా రెండు. గంటకింత అని అద్దెకిచ్చే ఫుట్‌బాల్ టర్ఫ్‌లు చాలావరకు ఇంత పెద్దవి ఉండవు, అక్కడ అయిదుగురితో ఆడండి. విశాఖలాంటి చోట ఇసుక మీద ఆడేటప్పుడు బీచ్ కొలతలు వేరు. మైదానం 75 మీటర్లు, 25 మీటర్లు, జట్టుకు అయిదుగురు. స్టాల్, అంటే డిస్క్ చేతిలో ఉన్న మనిషి విసరడానికి ఉన్న సెకన్ల లెక్క, పదికి బదులు ఎనిమిది వరకే లెక్కపెడతారు.

ఇప్పుడు నిష్పత్తి సంగతి. మ్యాచ్‌కు ముందు టాస్ వేసి మొదటి పాయింట్‌కు ఎవరు నలుగురో తేలుస్తారు. రెండు, మూడు పాయింట్లకు అది తిరగబడుతుంది. నాలుగు, అయిదుకు మళ్లీ మొదటిలాగే. అలా రెండేసి పాయింట్లకు ఒకసారి మారుతూ పోతుంది, హాఫ్ టైమ్ వచ్చినా ఈ వరస మారదు. ఎండలో ఇది గుర్తుంచుకోవడం కష్టమే, కాబట్టి చిన్న లెక్క చేసుకోండి. రెండు జట్ల స్కోర్లు కూడి నాలుగుతో భాగించండి. శేషం 0 లేదా 3 అయితే మొదటి పాయింట్‌లో ఉన్న నిష్పత్తే. 1 లేదా 2 అయితే రెండోది. స్కోరు 6-4 అయితే మొత్తం పది, శేషం రెండు. కాబట్టి మొదటి పాయింట్ నలుగురు అబ్బాయిలతో మొదలై ఉంటే ఇప్పుడు నలుగురు అమ్మాయిలు దిగాలి. లైన్, అంటే ఆ పాయింట్‌కు దిగే ఏడుగురిని, పిలిచేటప్పుడు గట్టిగా చెప్పండి, అవతలి కెప్టెన్‌కు కూడా వినిపించేలా. తప్పు నిష్పత్తితో పుల్ (పాయింట్ మొదలుపెట్టే విసురు) పడ్డాక వచ్చే రభస కంటే ఇది చాలా తేలిక.

ఇక డిస్క్ ఎవరికి అందుతోందన్నది. మిక్స్‌డ్ జట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇది, బయటికి చెప్పుకోలేని బాధ కూడా ఇదే. అమ్మాయి ఖాళీగా పరుగెత్తి వస్తుంది. డిస్క్ పంచే హ్యాండ్లర్ ఆమెను చూస్తాడు. చూసి, స్టాల్ ఆరుకు రాగానే దూరంగా ఇద్దరి మధ్యలో ఉన్న మిత్రుడికి హక్ (పొడవాటి పాస్) విసురుతాడు. రెండోసారీ ఇంతే. నాలుగోసారి ఆమె పరుగెత్తదు. అప్పుడు "కట్ చేయట్లేదు" అని, అంటే పాస్ కోసం ఖాళీలోకి పరుగెత్తట్లేదని, ఆమెనే అంటారు. ఆటపరంగా కూడా ఇది నష్టమే. మీరు అమ్మాయిలకు విసరరని ప్రత్యర్థులు కనిపెట్టారంటే వాళ్ల డిఫెండర్లు మీ అమ్మాయిలను వదిలేసి మధ్య దారిలో నిలబడతారు. మీ అబ్బాయిల దారులన్నీ మూసుకుపోతాయి. వదిలేసిన అమ్మాయికి రెండు పాస్‌లు పడితే చాలు, ఆ డిఫెండర్లు వెనక్కి పోక తప్పదు.

"గోల్‌కు ముందు అమ్మాయి తప్పకుండా తాకాలి" అనే నియమం కొన్ని జట్లు పెట్టుకుంటాయి. దాని వల్ల మేలు తక్కువ. దానధర్మంలా పక్కన నిలబెట్టి ఒక చిన్న పాస్ ఇచ్చి, ఆ తర్వాత ఆమెను మర్చిపోతారు. దాని బదులు ఈ మూడు చేయండి. ముగ్గురు హ్యాండ్లర్లలో కనీసం ఒకరు అమ్మాయే ఉండాలి, పుల్ అందుకున్నాక రెండో పాస్ ఆమెకే అని ముందే నిర్ణయించండి. స్టాక్‌లో (దాడికి వరసగా నిలబడే అమరికలో) మొదటి కట్ వరుసగా రెండు పాయింట్లు అమ్మాయికే ఇవ్వండి. ప్రాక్టీస్ మ్యాచ్‌లో సైడ్‌లైన్‌లో ఒకరికి కాగితం, పెన్ను ఇచ్చి ఎవరికి ఎన్ని పాస్‌లు పడ్డాయో గీతలు గీయమనండి. పది పాయింట్ల తర్వాత ఆ కాగితాన్ని మాటలేమీ జోడించకుండా అందరికీ చూపించండి. ఆరేడు నిమిషాల ఉపన్యాసం చేయలేని పని ఆ గీతలు చేస్తాయి. హ్యాండ్లర్లకు డంప్ (వెనక్కి ఇచ్చే చిన్న పాస్) డ్రిల్ కూడా స్టాల్ ఆరు నుంచి మొదలుపెట్టి చేయించండి, ఆ పాస్ అందుకునే మనిషి ప్రతిసారీ మారాలి. ఒత్తిడిలో చేతికి అలవాటైన మనిషికే విసురుతాం, కాబట్టి ఆ అలవాటే మార్చాలి.

కాల్స్ నేర్పడానికి ప్రతి రెండో ప్రాక్టీస్‌లో పావుగంట కేటాయించండి. ఇద్దరిని నిలబెట్టి ఫౌల్ చేయించి, వాళ్ల చేతే మాట్లాడించండి. క్రమం ఇలా ఉండాలి.

1. తగిలినవాళ్లు గట్టిగా "ఫౌల్" అనాలి. పక్కనున్నవాళ్లు, సైడ్‌లైన్‌లో ఉన్నవాళ్లు ఫౌల్ పిలవకూడదు.
2. ఆట ఆగగానే అందరూ ఉన్న చోటే ఉండాలి. చుట్టూ గుమిగూడితే ఇద్దరి మాట పదిమంది కేకల్లో పోతుంది.
3. పిలిచినవాళ్లు తాము చూసింది ఒక్క వాక్యంలో చెప్పాలి. నీ ఉద్దేశం ఇది, నువ్వు ఎప్పుడూ ఇంతే లాంటి మాటలు రాకూడదు.
4. అవతలివాళ్లు ఒప్పుకుంటారు, లేదా కాంటెస్ట్ (ఒప్పుకోను) అంటారు. ఎవరైనా దగ్గరి నుంచి బాగా చూశారనిపిస్తే వాళ్లను అడగొచ్చు.
5. తేలింది గట్టిగా అందరికీ చెప్పి, డిస్క్ తాకి ఆట మొదలుపెట్టాలి.

ఎండ్ జోన్‌లో క్యాచ్ దగ్గర తగిలిందనుకోండి, మంచి సంభాషణ ఇలా సాగుతుంది.

"ఫౌల్. డిస్క్ అందేలోపే మీ భుజం నా చేతికి తగిలిందన్నా."

"తగిలింది అక్కా, కానీ డిస్క్ అప్పటికే మీ చేయి దాటిపోయిందనుకున్నా."

"నాకైతే ముందే తగిలింది."

"సరే, కాంటెస్ట్."

డిస్క్ విసిరినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్తుంది. మొత్తం పదిహేను సెకన్లు. అతను ఒప్పుకుని ఉంటే డిస్క్ ఆమెకే దక్కేది. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరికీ వేరుగా కనిపించింది. నియమాలు అలాంటి సందర్భాన్ని ముందే ఊహించి దారి చూపించాయి కాబట్టి గెలవాల్సిన వాదన అక్కడ లేదు. అరనిమిషం దాటుతోందంటే కెప్టెన్ వెళ్లి "కాంటెస్ట్ అనుకుందాం, వెనక్కి ఇచ్చేద్దాం" అని ముగించాలి. మాట కూడా ముఖ్యం. ఆవేశంలో తెలియని మనిషిని నువ్వు అనేస్తాం. కాల్ సమయంలో మీరు, అన్నా, అక్కా అని పిలవడం అలవాటు చేస్తే గొంతు దానంతట అదే తగ్గుతుంది.

స్టాల్ లెక్క దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. మార్కర్ (డిస్క్ విసిరే థ్రోయర్‌ను అడ్డుకునే ఆటగాడు) మూడు మీటర్లలోపు ఉన్నప్పుడే లెక్కించాలి, అంకెకూ అంకెకూ మధ్య ఒక సెకను ఉండాలి. హుషారులో పది అంకెలు ఏడు సెకన్లలో అయిపోతాయి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి అందరి చేతా గట్టిగా లెక్కపెట్టించండి, తమ వేగం తామే చూసి ఆశ్చర్యపోతారు. థ్రోయర్ "ఫాస్ట్ కౌంట్" అంటే, ఆఖరుగా పలికిన అంకెలోంచి ఒకటి తీసేసి కొనసాగించాలి. ఆరు పలికి ఉంటే తర్వాత పలికేది అయిదు. మార్కర్ మరీ మీదికొచ్చి నిలబడినప్పుడు చెప్పే "డిస్క్ స్పేస్" కూడా ఇలాగే. డిస్క్ వ్యాసం అంత దూరం, అంటే సుమారు 27 సెంటీమీటర్లు, థ్రోయర్ మొండేనికీ మార్కర్‌కూ మధ్య ఉండాలి. ఇవి తిట్లు కావు, ఆటలో భాగమని మొదటి రోజే చెప్పండి. లేకపోతే మొహమాటంతో ఎవరూ పిలవరు. ఆ లోపలి కోపం మ్యాచ్ చివర్లో ఒక్కసారిగా బయటపడుతుంది.

అదే సమయంలో ప్రతి చిన్న తాకిడికీ కాల్ చేయకూడదు. ఆ తప్పు వల్ల ఆట ఫలితం మారేంత ఉంటేనే పిలవాలని నియమం. మన ఆటగాడు తప్పుగా పిలిచాడని కెప్టెన్‌కు కనిపిస్తే, అందరి ముందూ కాకుండా దగ్గరికెళ్లి "నాకు తగల్లేదనిపించింది, వెనక్కి తీసుకుంటావా" అనండి. తమ జట్టువాళ్ల తప్పు కాల్‌ను తామే చెప్పడం మంచి స్పిరిట్‌కు, అంటే న్యాయంగా, మర్యాదగా ఆడే తీరుకు, ఉదాహరణగా నియమాల్లోనే ఉంది. ఇది ఒక్కసారి జరిగిందంటే ప్రత్యర్థులు ఆ మ్యాచ్‌లో మీ మిగతా కాల్స్‌ను అనుమానించరు.

ప్రమాదకరమైన ఆటకు మాత్రం సర్దుబాటు వద్దు. వెనక నుంచి చూడకుండా దూకి మీద పడే ఆటగాడికి డిస్క్ ముందే అందినా అది ఫౌలే. మిక్స్‌డ్‌లో ఒంటి బరువుల్లో తేడా ఉంటుంది కాబట్టి ఈ మాట మీ జట్టుకు పుల్‌కు ముందే చెప్పండి. రెండోసారి జరిగితే ఆ ఆటగాణ్ణి రెండు పాయింట్లు కూర్చోబెట్టండి, ఎంత బాగా ఆడేవాడైనా సరే.

మ్యాచ్ వేడెక్కి వరుసగా కాల్స్ పడుతుంటే స్పిరిట్ కెప్టెన్ (జట్టు స్పిరిట్ చూసుకునే మనిషి) స్పిరిట్ స్టాపేజ్, అంటే ఆటతీరు సరిచేసుకునే విరామం, అడగవచ్చు. రెండు జట్లూ ఒకే సర్కిల్‌గా నిలబడాలి, ఆ సమయంలో వ్యూహాల గురించి మాట్లాడకూడదు. అక్కడ పాత కాల్స్ తవ్వకండి. "మార్కింగ్‌లో చేతులు ఎక్కువ తగులుతున్నాయి, రెండు వైపులా ఒక అడుగు వెనక్కి ఉందాం" లాంటి ఒక్క ఒప్పందం చాలు. స్పిరిట్ కెప్టెన్‌గా జట్టులో అందరికంటే స్నేహంగా ఉండే మనిషిని పెట్టేస్తుంటారు. స్నేహం సరిపోదు, నియమాలు బాగా తెలిసి, కెప్టెన్‌కు కూడా తప్పు చెప్పగలిగే మనిషి కావాలి.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిసి స్పిరిట్ సర్కిల్ చేస్తాయి. ఒకరి పక్కన అవతలి జట్టువాళ్లు ఉండేలా నిలబడండి. భుజాల మీద చేతులు వేసుకోవడం అందరికీ సౌకర్యంగా ఉండదు, కొత్త అమ్మాయిలకు మరీ. "వేసుకోవాలనిపిస్తేనే" అని ముందే అనేయండి. అయిదు నిమిషాలు దాటనివ్వకండి. "బాగా ఆడారు" బదులు "మూడో గోల్‌లో ఫౌల్ వెనక్కి తీసుకున్నారు, అది బాగుంది" అనండి.

స్పిరిట్ స్కోరులో అయిదు అంశాలుంటాయి: నియమాల జ్ఞానం, ఫౌల్స్ - తాకిడి, న్యాయబుద్ధి, సానుకూల ధోరణి - నిగ్రహం, సంభాషణ. ఒక్కోదానికి 0 నుంచి 4. మామూలుగా బాగా ఆడిన జట్టుకు 2, అంటే మొత్తం 10. మన దగ్గర మర్యాద కోసం అన్నిటికీ 4 వేసేస్తారు. దాంతో నిజంగా గొప్పగా ఆడిన జట్టు ఎవరో తెలియకుండా పోతుంది, ఎవరూ ఏమీ నేర్చుకోరు. 1 గానీ 3 గానీ వేస్తే పక్కన ఒక వాక్యం కారణం రాయండి. చల్లారిన తర్వాత, కానీ అదే రోజు, నలుగురైదుగురు ఆటగాళ్లు కలిసి నింపండి. తక్కువ వేస్తున్నారంటే ముందు అవతలి స్పిరిట్ కెప్టెన్‌ను పక్కకు పిలిచి చెప్పండి, కాగితంలో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. మీకు తక్కువ వచ్చిందా? ఆ అంశం చదివి, వచ్చే ప్రాక్టీస్‌లో కాల్స్ పావుగంటను దానికే ఇవ్వండి.