భీమిలి తీరాన అరుదైన సముద్ర పక్షుల కోసం

భీమిలిలో సముద్రం తూర్పు ఆగ్నేయాలకు పరుచుకుని ఉంటుంది. ఇది ఆలోచించక నేను మొదట రెండేళ్లు తెల్లవారుజామునే వెళ్లాను. ఎండ కళ్లలో పడుతుంటే దూరాన ఎగిరే ప్రతి పక్షీ నల్లటి మచ్చే. నవంబరులో మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. పొద్దు ఊరి వైపు వాలి వెలుతురు మన వెనక నుంచి పడుతుంది. రెక్కల అడుగు తెలుపు, ముక్కు రంగు విడివిడిగా తెలుస్తాయి. అయిదు ఇరవైకల్లా సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి ఉన్నది రెండు గంటలే.

గాలిని చూసి రోజును ఎంచుకోండి. రెండు మూడు రోజులు తూర్పు గాలి గట్టిగా వీస్తే నడిసముద్రపు పక్షులు ఒడ్డుకు దగ్గరవుతాయి. తుపాను వెళ్లిన మర్నాడు మరీ ఎక్కువ ఆశ ఉంటుంది. కానీ రేవులో ప్రమాద సూచిక దించేదాకా తీరానికి వెళ్లవద్దు.

కొండ ఎక్కనక్కరలేదు, డాబా ఎత్తు చాలు. మరీ పైనుంచి చూస్తే పక్షి నీళ్ల రంగులో కలిసిపోతుంది. టెలిస్కోపును నేను 30 రెట్లు దాటించను, దాటితే దృశ్యం వణుకుతుంది.

ముందు మామూలు పక్షులు కళ్లకు అలవాటు కావాలి. గోస్తని సముద్రంలో కలిసేచోట ఇసుక మీద వాలే టెర్న్‌లు అనే తీరపు పక్షులను చూడండి. వాటిలో గ్రేటర్ క్రెస్టెడ్ టెర్న్ ముక్కు పసుపు, లెస్సర్ క్రెస్టెడ్‌ది నారింజ, కాస్పియన్‌ది లావుగా ఎర్రగా ఉంటుంది. అవి ఎగిరే తీరు ఒంటబట్టాకే కొత్త పక్షి పట్టుబడుతుంది. టెర్న్‌ల గుంపు ఉన్నట్టుండి చెదిరిందంటే టెలిస్కోపు వెంటనే అటు తిప్పండి. ముదురు గోధుమరంగు పక్షి ఒకటి, రెక్క చివరకు కాస్త ముందు తెల్లగా మెరుస్తూ, ఒక్క టెర్న్‌నే తరుముతూ దాని నోట్లోని చేపను వదిలేలా చేస్తుంటే అది స్కువా. ఛాతీ బరువుగా ఉంటే పొమరైన్ స్కువా, నాజూకుగా ఉంటే పారసైటిక్ స్కువా అనుకోవచ్చు. రెక్కలు బిగబట్టి, అలను తాకీ తాకనట్టు ఒరుగుతూ జారిపోయేది షియర్‌వాటర్. పక్షుల పుస్తకం తెరవకముందే చూసింది చూసినట్టు రాసుకోండి, తెరిచాక జ్ఞాపకం బొమ్మ వైపు మొగ్గుతుంది.

ఒక తుపాను మర్నాడు లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో సూటీ టెర్న్ ఒకటి కూలబడి ఉంది. వీపు నల్లన, పొట్ట తెల్లన, నుదుటి తెలుపు కంటి దగ్గరే ఆగిపోయింది. ఆ తెలుపు కన్ను దాటి కనుబొమలా సాగితే బ్రైడిల్డ్ టెర్న్ అయ్యేది. పిల్లలు జాలిపడి దాన్ని సముద్రంలోకి విసరబోతే పరుగున వెళ్లి ఆపాను. దాని ఈకలు నీళ్లకు తడిసిపోతాయి, అది ఎక్కువసేపు తేలలేదు. అలాంటి పక్షి దొరికితే తువ్వాలు కప్పి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. అటవీ శాఖకు ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా మూత తీయకుండా పక్కనే కూర్చోండి.