ప్రాసెసర్ కొనేటప్పుడు పాటలను మరవకండి

ఇంట్లో సినిమా శబ్దాన్ని పలు స్పీకర్లకు పంచే హోమ్ థియేటర్ ప్రాసెసర్‌ను ఎంచుకునేటప్పుడు ఛానళ్ల సంఖ్యనూ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) ముద్రనూ చూసి నిర్ణయించడం మామూలే. కానీ రెండు స్పీకర్లతో పాటలు వినే అలవాటున్నవారు, అనలాగ్ ఇన్‌పుట్‌కు వచ్చిన సిగ్నల్‌ను ఆ యంత్రం ఏం చేస్తుందో ముందుగా తెలుసుకోవాలి. చాలా ప్రాసెసర్లు దాన్ని మళ్లీ డిజిటల్‌గా మార్చి, రూమ్ కరెక్షన్ (గదికి తగ్గట్టు శబ్దాన్ని సరిదిద్దడం) జరిపి, తిరిగి అనలాగ్‌గా బయటకు పంపుతాయి. మంచి డాక్ (డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే పరికరం) కోసం మీరు విడిగా పెట్టిన డబ్బు అక్కడే వృథా కావచ్చు. ‘ప్యూర్ డైరెక్ట్’ వంటి మోడ్‌లో సాధారణంగా ఈ మార్పిడి తప్పుతుంది. అయితే మనం 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్న క్రాసోవర్ (అంతకంటే తక్కువ శబ్దాలను సబ్‌వూఫర్‌కు మళ్లించే ఏర్పాటు) కూడా అందులో పనిచేయక సబ్‌వూఫర్ మూగబోయే అవకాశం ఉంది కాబట్టి, చిన్న స్పీకర్లున్నవారికి అది లాభం కంటే నష్టమే.

నా దృష్టిలో మేలైన దారి, హోమ్ థియేటర్ బైపాస్ (వాల్యూమ్ నియంత్రణను దాటి సిగ్నల్‌ను నేరుగా పంపే ఇన్‌పుట్) ఉన్న స్టీరియో ఆంప్లిఫయర్ తీసుకుని, ప్రాసెసర్‌లోని ముందు స్పీకర్ల ప్రీ-అవుట్‌ను (ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే అవుట్‌పుట్‌ను) దానికి కలపడం. అప్పుడు పాటల ప్లేయర్‌ను నేరుగా ఆంప్లిఫయర్ మామూలు ఇన్‌పుట్‌కే కలిపి, ప్రాసెసర్‌ను ఆపేసి కూడా పాటలు వినవచ్చు. ఆ బైపాస్ ఇన్‌పుట్‌కు వాల్యూమ్ నియంత్రణ ఉండదు గనుక, పొరపాటున సీడీ ప్లేయర్‌ను అక్కడ గుచ్చితే మాత్రం స్పీకర్లు పూర్తి బలంతో అరుస్తాయి.

దుకాణంలో రెండు యంత్రాలను పోల్చేటప్పుడు, కాస్త బిగ్గరగా మోగేదే చెవికి మెరుగ్గా తోస్తుంది కనుక, రెండింటి శబ్దస్థాయినీ ముందు సమానం చేయించి, తంబురా శ్రుతి మీద వీణ వాయించిన రికార్డింగ్ పెట్టించి, మీటు తర్వాత నాదం ఎలా సన్నగిల్లుతుందో గమనించండి.