అప్పులు తీర్చడం ఎలా? ముందు అన్నిటినీ ‘నూటికి ఎంత’లో రాయండి

మా విజయవాడ సింగ్‌నగర్‌లో ఎవర్నడిగినా ప్రామిసరీ నోటు రాసిచ్చిన అప్పు రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో ఠక్కున చెప్తారు. కార్డు బాకీకి ఎంత పడుతోందంటే మాత్రం తడుముకుంటారు. అక్కడే మోసపోతాం.

ఓ పాత నోట్సు తీసి బాకీలన్నీ రాయండి. ఏడాది వడ్డీని 12తో భాగిస్తే నూటికి నెలకెంతో తేలుతుంది. బంగారం మీద బ్యాంకువాళ్లు 9 శాతానికి ఇస్తే అది ముప్పావలా వడ్డీ. 15 శాతం పర్సనల్ లోనైతే రూపాయి పావలా. క్రెడిట్ కార్డుకి మూడున్నర రూపాయలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇక డైలీ ఫైనాన్సు: పది వేలని రాసుకుని, తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. చూడ్డానికి వెయ్యే. కానీ అసలు రోజూ తరుగుతూ ఉంటుంది కాబట్టి లెక్కేస్తే ఆరు రూపాయలు దాటుతుంది.

ఎక్కువ వడ్డీది ముందు తీర్చండి. మిగతావాటికి వాయిదా తప్పకుండా కడితే చాలు. కార్డుకి మినిమం కట్టి ఊరుకోవద్దు. 30,000 బాకీ మీద మూడున్నర చొప్పున వడ్డీ 1,050, దానిమీద జీఎస్టీ 189. మీరు 1,500 కడితే అసలుకి చేరేది 261 రూపాయలు!

వడ్డీ లేకుండా చేబదులిచ్చిన బంధువుకే ముందు తీర్చేయాలని ప్రాణం కొట్టుకుంటుంది. మొహమాటపడకుండా వెళ్లి, ఫలానా నెల నుంచి ఇస్తామని చెప్పేయండి.

బీరువాలో నగలుంటే వడ్డీ మార్చుకోవచ్చు. 50,000కి మూడు రూపాయల చొప్పున నెలకి 1,500 కడుతున్నారనుకోండి. నగ బ్యాంకులో పెట్టి ముప్పావలాకి తెచ్చి అది తీర్చేస్తే వడ్డీ 375. మిగిలిన 1,125 ప్రతినెలా అసలుకే వేయాలి. ఖర్చుపెట్టేస్తే నగకి వేలం నోటీసు వస్తుంది, అంతే.

నోటు అప్పుకి ఎంత కట్టినా, నోటు వెనక తేదీతో చెల్లు (ఇంత ముట్టిందని రాత) వేయించి ఫొటో తీసుకోండి. ‘మనవాళ్లేగా’ అని మేం కట్టిన 20,000కి చెల్లు వేయించలేదు. అప్పిచ్చిన పెద్దాయన పోయాక వాళ్లబ్బాయి నోటు పట్టుకొచ్చి మొత్తం అడిగాడు. ఆ అబ్బాయి తప్పేముంది, నోట్లో ఉన్నదే అడిగాడు. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి. బాకీ తీరిన రోజే నోటు వెనక్కి తెచ్చుకోండి.

మరి కట్టడానికి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? కూరలు పటమట రైతుబజారులో బోర్డు మీది ధర చూసి వారానికోసారి తెచ్చుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఆర్టీసీ సిటీ బస్సు ఉచితం కాబట్టి ఆటో ఖర్చూ తప్పుతుంది. పచారీ సరుకులు జీతం రాగానే చీటీ రాసుకుని ఒకేసారి తెచ్చేయండి. వీటివల్ల మిగిలేది వందల్లోనే. అసలు చిల్లు పెళ్లిళ్ల దగ్గర పడుతుంది. చదివింపులకీ పెట్టుపోతలకీ మూఢాల్లోనే, పెళ్లిళ్లు లేనప్పుడే, నెలకింత అని పక్కన పెట్టండి. అందులో ఉన్నంతే చదివించండి.

ఒక బాకీ తీరగానే దాని వాయిదా డబ్బు ఇంట్లోకి రానివ్వకండి. అదే తారీఖున, అదే మొత్తం, లిస్టులో తర్వాతి అప్పుకి కట్టేయండి.