డెబిట్ కార్డుపై క్యాష్‌బ్యాక్ తగ్గించారా? ఏం అడగాలి, ఎలా అడగాలి

డెబిట్ కార్డుతో చేసిన ఖర్చులో కొంత తిరిగి ఖాతాకు జమ చేసే క్యాష్‌బ్యాక్ తగ్గుతోందని బ్యాంకు నుంచి ఎస్‌ఎంఎస్ రాగానే భీమవరంలోనైనా అమలాపురంలోనైనా చాలామంది ఖాతాదారులు నేరుగా బ్రాంచికి వెళ్లి కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగిని నిలదీస్తారు. క్యాష్‌బ్యాక్ వస్తుందని చెప్పి కార్డు ఇచ్చి, దాని పేరు మీద ఏటా చార్జీ కోసుకుని, నడిమధ్యలో ఆ లాభాన్ని తగ్గిస్తే ఎవరికైనా కోపం రావడం న్యాయమే. అయితే ఆ రేటును నిర్ణయించేది ప్రధాన కార్యాలయం కనుక బ్రాంచిలో ఎంతసేపు వాదించినా అది మారదు. ఇకముందు ఇచ్చే క్యాష్‌బ్యాక్‌ను తగ్గించుకునే స్వేచ్ఛ బ్యాంకుకు ఉంది. పాత నిబంధనల ప్రకారం ఖాతాదారు ఇప్పటికే సంపాదించుకున్న దానిని ఎగ్గొట్టే స్వేచ్ఛ మాత్రం లేదు. ఈ తేడాను పట్టుకుని ముందుకు వెళ్లినవారికే చేతికి డబ్బు వస్తుంది.

మొదట చేయవలసినది: కాగితాలు భద్రపరచడం

బ్యాంకు పంపిన ఎస్‌ఎంఎస్‌ను, మెయిల్‌ను చెరిపివేయకుండా ఉంచి, అవి వచ్చిన తేదీని, కొత్త రేటు అమలులోకి వచ్చే తేదీని ఒకచోట రాసుకోవాలి. కార్డు తీసుకున్నప్పటి నిబంధనల పత్రం దొరికితే మంచిది. లేకపోతే బ్యాంకు వెబ్‌సైటులో పాత నిబంధనలు ఇంకా కనిపిస్తున్నప్పుడే వాటి ప్రతిని దించుకోవాలి. క్రెడిట్, డెబిట్ కార్డుల జారీపై రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కార్డు నిబంధనలను మార్చే ముందు ఖాతాదారుకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇష్టం లేనివారు ఆ గడువులో కార్డును వదులుకోవచ్చు. వదులుకోకపోతే కొత్త నిబంధనలకు ఒప్పుకున్నట్లే లెక్క. అందువల్ల నోటీసు ఏ రోజు అందిందన్నది చాలా ముఖ్యం.

కోనసీమ కుటుంబాలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. సంపాదించే మనిషి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, ఖాతాకు ఆ మనిషి ఫోన్ నంబరే ఇచ్చి ఉంటే నోటీసు అక్కడికే వెళుతుంది. ఇంటి దగ్గరివారికి ఆ సంగతి తెలిసేసరికి నెల గడిచిపోతుంది. ఆ ఫోన్‌కు, మెయిల్‌కు ఏమి వచ్చిందో అడిగి, దాని ఫోటో తెప్పించుకోవాలి.

తరువాత రూపాయల్లో లెక్క వేయడం

శాతాలు చూస్తే నష్టం ఎంతో తెలియదు. గడచిన 12 నెలల స్టేట్‌మెంట్ తీసుకుని, క్యాష్‌బ్యాక్‌గా నిజంగా జమ అయిన మొత్తాన్ని కూడాలి. ఉదాహరణకు ఒక కుటుంబం నెలకు 12,000 రూపాయలు కార్డు మీద ఖర్చు చేస్తోందని, రేటు 1 శాతం నుంచి 0.25 శాతానికి తగ్గిందని అనుకుందాం. ఏడాదికి 1,440 రూపాయలు వచ్చే చోట ఇకమీదట 360 రూపాయలే వస్తాయి. కార్డు వార్షిక చార్జీ 500 రూపాయలైతే 18 శాతం జీఎస్టీతో కలిపి 590 అవుతుంది. అంటే నిన్నటిదాకా ఏటా 850 రూపాయలు మిగిల్చిన కార్డు, రేపటి నుంచి 230 రూపాయలు ఎదురు తీసుకుంటుంది. ఈ లెక్క వేయకుండా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

లెక్క వేసేటప్పుడు నెలవారీ గరిష్ఠ పరిమితి, కనీస కొనుగోలు మొత్తం, క్యాష్‌బ్యాక్ వర్తించని ఖర్చుల జాబితా కూడా చూడాలి. చాలా కార్డులలో పెట్రోలు, బంగారం, కరెంటు బిల్లు వంటివి ఈ జాబితాలో ఉంటాయి. ఇంకొక సంగతి ఏమిటంటే, ఖర్చు ఏ వర్గానికి చెందుతుందన్నది మనం కొన్న వస్తువును బట్టి కాక, ఆ దుకాణం స్వైపింగ్ మిషన్‌కు కేటాయించిన వ్యాపార కోడ్‌ను బట్టి తేలుతుంది. రాజమహేంద్రవరం తాడితోటలో పక్కపక్కనే ఉన్న రెండు బట్టల దుకాణాలలో సంక్రాంతికి ఒకే రకం బట్టలు కొన్నా, ఒకదానికి క్యాష్‌బ్యాక్ వచ్చి రెండవదానికి రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఇందులో దుకాణదారుని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

బ్యాంకులు ఎందుకు తగ్గిస్తాయో తెలిస్తే ఏ కార్డు మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో తెలుస్తుంది. కార్డు గీసినప్పుడు దుకాణదారు చెల్లించే రుసుములో కొంత భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. 2018 జనవరి నుంచి అమలైన నిబంధనల ప్రకారం డెబిట్ కార్డులపై ఆ రుసుము చిన్న వ్యాపారులకు 0.40 శాతానికి, మిగిలినవారికి 0.90 శాతానికి మించకూడదు. రూపే డెబిట్ కార్డులకు, యూపీఐకి 2020 జనవరి 1 నుంచి ఆ రుసుమే లేదు. కాబట్టి రూపే డెబిట్ కార్డుపై క్యాష్‌బ్యాక్ ఇచ్చే బ్యాంకు దానిని మరొక ఆదాయం నుంచి తెచ్చి ఇవ్వవలసిందే. అటువంటి లాభం చిరకాలం ఉంటుందని నమ్మి కార్డు ఎంచుకోకపోవడం మంచిది.

పాయింట్లు వాడుకోవడం, మోసాలకు చిక్కకపోవడం

కార్డు వాడినందుకు బ్యాంకు ఇచ్చే రివార్డు పాయింట్ల విలువను కూడా తగ్గిస్తున్నట్లయితే అమలు తేదీకి ముందే వాటిని వాడుకోవాలి. సరిగ్గా ఈ సమయంలోనే మోసగాళ్లు “మీ పాయింట్లు ఈ రాత్రితో పోతాయి” అంటూ లింకులు, ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైళ్లు పంపుతారు. పాయింట్లను బ్యాంకు సొంత యాప్‌లో గాని, చిరునామా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే అసలు వెబ్‌సైటులో గాని మాత్రమే వాడుకోవాలి. పొరపాటున వివరాలు ఇచ్చి డబ్బు పోతే, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి కార్డును ఆపించాలి.

బ్యాంకుకు రాయడం

నోటిమాటతో వదిలేయకుండా బ్రాంచి మేనేజరుకు అర్జీ ఇచ్చి, దాని నకలుపై ముద్ర, తేదీ వేయించుకోవాలి. లేదా యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు రాసుకోవాలి. తెలుగులోనే ఇలా రాయవచ్చు: “నా డెబిట్ కార్డుపై క్యాష్‌బ్యాక్ తగ్గింపు గురించి నాకు ఏ తేదీన, ఏ మార్గంలో నోటీసు పంపారో తెలియజేయగలరు. అమలు తేదీకి ముందు నేను చేసిన, ఈ అర్జీకి జతపరచిన కొనుగోళ్లపై పాత రేటు ప్రకారం క్యాష్‌బ్యాక్ జమ చేయగలరు. ఈ ఏడాదికి గాను ముందుగానే వసూలు చేసిన వార్షిక చార్జీలో మిగిలిన నెలలకు తగిన భాగం తిరిగి ఇవ్వాలని, లేదా తక్కువ చార్జీ గల కార్డు ఇవ్వాలని కోరుతున్నాను.” ఇందులో మూడవది హక్కు అనడం కంటే విన్నపం అనడమే నిజం, అయినా అడగడం వల్ల పోయేది ఏమీ లేదు.

బ్యాంకు 30 రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా, బ్యాంకులపై ఖాతాదారుల ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఆర్గ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేస్తారు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ఇక్కడే చాలామంది ఫిర్యాదులు వీగిపోతాయి. “పాత రేటు మళ్లీ ఇప్పించండి” అని రాస్తే అది బ్యాంకు వ్యాపార నిర్ణయం కనుక అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు. “ఫలానా తేదీన చేసిన కొనుగోలుకు రావలసిన ఇంత మొత్తం జమ కాలేదు” అని, లేదా “నోటీసు ఇవ్వకుండా నిబంధన మార్చారు” అని రాస్తే అది సేవాలోపం కిందికి వస్తుంది. ఫిర్యాదులో కోపం ఎంత తగ్గితే, తేదీలు, మొత్తాలు ఎంత పెరిగితే అంత బలం.

కార్డు ఉంచాలా, వదలాలా

కోపంలో ఖాతానే మూసేసి, దాళ్వా ధాన్యం డబ్బుతోనో రొయ్యల డబ్బుతోనో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసేవారు ఉన్నారు. సాధారణంగా అందులో కోల్పోయే వడ్డీ, ఏడాది క్యాష్‌బ్యాక్ కంటే ఎక్కువే ఉంటుంది. కార్డు మార్చడానికి ఖాతా మూయనక్కరలేదు. డెబిట్ కార్డు తీసుకోవాలని ఖాతాదారును బలవంతం చేయకూడదని, మరొక సౌకర్యానికి దానిని ముడిపెట్టకూడదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. కనుక ఈ కార్డు వదులుకుంటే పంట రుణానికో బంగారం మీద రుణానికో ఇబ్బంది వస్తుందని ఎవరైనా అంటే ఆ మాటను రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి.

వదులుకునే ముందు ఆ కార్డుతో వచ్చే ప్రమాద బీమా ఏమిటో, కార్డు నంబరు మీద నెలనెలా కట్ అయ్యే చెల్లింపులు ఏమున్నాయో చూసుకోవాలి. కొన్ని కార్డులకు బీమా వర్తించాలంటే ప్రమాదానికి ముందు నిర్ణీత రోజులలో కనీసం ఒక లావాదేవీ జరిగి ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. ఏ చార్జీ లేని సాధారణ కార్డు సరిపోతుందనుకుంటే దానినే అడగాలి. పాత కార్డు రద్దయినట్లు బ్యాంకు నుంచి సందేశం వచ్చిన తరువాత దానిని చిప్ మీదుగా కత్తిరించి, వార్షిక చార్జీ పడే నెలలో స్టేట్‌మెంట్‌ను ఒకసారి పరిశీలించాలి. రద్దయిన కార్డుకు చార్జీ కోస్తే, రద్దు సందేశాన్ని జతపరచి ఆ మొత్తాన్ని తిరిగి జమ చేయమని మళ్లీ రాయాలి.