కార్తీకంలో నెల్లూరు వైపు పెళ్లికి వస్తున్నారా? వానను లెక్కలో పెట్టుకోండి

హైదరాబాద్ నుంచి వచ్చే మా చుట్టాలు ఏటా అడుగుతారు, "నవంబరులో వానలేంటి?" అని. మీకు అయిపోతాయి, మాకు అప్పుడే అసలు వానలు. నెల్లూరుకు ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ప్రకాశం తీరానికీ తుఫాను భయం ఆ నెలల్లోనే. సరిగ్గా అప్పుడే కార్తీక, మార్గశిర ముహూర్తాలు కూడా. ఇప్పుడు మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రం ఒడ్డున మండపం వేస్తున్నారు, పెంచలకోన నరసింహస్వామి సన్నిధిలో తాళి కట్టిస్తున్నారు. చూడటానికి బాగుంటుంది. వచ్చేవాళ్లు మాత్రం ముందే జాగ్రత్త పడాలి.

2021 నవంబరును మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేరు. పెన్నాకు వరదొచ్చి నెల్లూరుకు ఉత్తరాన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, అటువైపే హైవేకి గండి పడింది. మా పిన్నమ్మ వాళ్లు ముహూర్తానికి ముందు రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరారు. ఒంగోలు దాటాక కారు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. తలంబ్రాలు వీడియో కాల్‌లో చూసింది పిన్నమ్మ. తెచ్చిన చీర, పసుపు కుంకుమ ఒళ్లో పెట్టుకునే ఉంది పాపం. రెండు రోజుల ముందే దిగిన పెద్దత్తయ్య మాత్రం పెళ్లికూతురి పక్కనే ఉండి అన్నీ చూసుకుంది. 2015 నవంబరులో దక్షిణాన మనుబోలు దగ్గర కూడా హైవే మీదికి నీళ్లొచ్చి బండ్లు నిలిచిపోయాయి. అంటే ఒకసారి విజయవాడ దారి, ఒకసారి చెన్నై దారి. అందుకే గట్టిగా చెబుతున్నా, ముహూర్తానికి కనీసం ఒక రోజు ముందు ఊళ్లో ఉండండి. రాత్రి రైలెక్కి, పొద్దున దిగి, నేరుగా మండపానికి అనే ప్లాన్ ఈ నెలల్లో పెట్టుకోవద్దు.

సింహపురి ఎక్కినా, నారాయణాద్రి ఎక్కినా, వందే భారత్ ఎక్కినా ఒంగోలు నుంచి నెల్లూరుకు వచ్చేది ఒకటే లైను. కాబట్టి నాలుగైదు రోజుల ముందు నుంచీ వాతావరణ శాఖ చెప్పేది వినండి. అల్పపీడనం అంటే గమనిస్తూ ఉండండి. వాయుగుండం అంటే ఇంకో రోజు ముందే బయలుదేరండి. తుఫానుకు పేరు పెట్టి, కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పెళ్లివాళ్లకు ఫోన్ చేసి రాలేమని చెప్పినా తప్పులేదు, వాళ్లే అర్థం చేసుకుంటారు. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, కాబట్టి నవంబరు వెళ్లిపోయింది కదా అని నిశ్చింతగా ఉండకండి. రైలును రైల్వేవాళ్లే రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. రైలు మూడు గంటలకు మించి లేటై, మీరు ఎక్కకూడదనుకుంటే మాత్రం, అది మీ స్టేషన్‌లో కదలకముందే టీడీఆర్, అంటే డబ్బు వెనక్కి ఇమ్మనే దరఖాస్తు, పెట్టాలి.

హైవే దిగాక ఉండే చివరి పాతిక కిలోమీటర్లే నాకు ఎక్కువ టెన్షన్. చెరువు నిండి కలుజు (అలుగు) పారితే కయ్యలన్నీ (పొలం మళ్లన్నీ) ఏకమై నీళ్లు రోడ్డెక్కుతాయి. చప్టా (వాగు మీది తక్కువ ఎత్తు దారి) మీద నీళ్లు పారుతుంటే దాటకండి. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, కారు తేలిపోతుంది. డ్రైవరు "ఏం కాదులే అన్నా, పోనిస్తా" అన్నా దిగిపోండి. పెంచలకోనకు పగలే చేరుకోండి. ఫోన్లో మ్యాప్ చూపించే అడ్డదారి కన్నా ఊరివాళ్లను అడిగి వెళ్లడం నయం.

ఇక బట్టలు. మా వదినకు మీగడ రంగు పట్టుచీర ఉండేది, వంకాయ రంగు అంచు. బీచ్ పెళ్లిలో పావుగంట జల్లు పడింది, అంతే. కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిశాయి. రాత్రి గదిలో విప్పి చూస్తే మడత మడతకూ ఒక వంకాయ చార, పైన ఇసుక. డ్రైక్లీనింగ్‌కు ఇచ్చినా పోలేదు. ఆ చీర వాళ్లమ్మ పెట్టింది. అందుకని పట్టు ముహూర్తం వేళకే, అదీ మండపం లోపలుంటేనే. ఒడ్డున జరిగే వాటికి నూలు కట్టండి. పక్కనే వెంకటగిరి ఉంది, అక్కడి జరీ కాటన్ పెళ్లికి తగ్గట్టే ఉంటుంది, తొందరగా ఆరుతుంది కూడా. ఒకవేళ పట్టుచీర తడిస్తే పిండకండి, ఎండలో వేయకండి, తడితో మడవకండి. పాత నూలు పంచె పరిచి దానిమీద చీర పరిచి, నీడలో ఫ్యాను గాలికి వదలండి. తేమ నిలిస్తే జరీ నల్లబడుతుంది. ప్రయాణంలో చీరను బట్టలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేయండి, గదికి చేరగానే కవరు తీసేయండి. ముహూర్తం చీరా జాకెట్టూ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టె ఎక్కడ చిక్కుకుంటుందో తెలీదు.

మగవాళ్లకు తెల్ల పంచె తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది, లోపల నిక్కరు వేసుకోండి. హీల్స్ ఇసుకలో దిగిపోతాయి, మడమ వెనక పట్టీ ఉన్న చదును చెప్పులు చాలు. తోలు చెప్పులు ఇంట్లో వదిలేయండి. పిల్లలకు రెండు జతలు ఎక్కువే పెట్టుకోండి.

ప్రాణానికి సంబంధించిన సంగతి షామియానా. ఇనప గుంజలకు సీరియల్ లైట్ల వైరు చుట్టి ఉంటుంది, కింద నీళ్లు, మనం ఉత్తకాళ్లతో. వాన మొదలైతే గుంజలకు ఆనుకోకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, కరెంటు ఆపమని గట్టిగా అడగండి. ఉరుములు వినిపిస్తే టెంటు కిందా తాటిచెట్ల కిందా నిలబడకండి, పక్కా భవనంలోకి వెళ్లండి. ఫొటోల కోసం పట్టుచీరతో, పంచెతో అలల్లోకి దిగవద్దు. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లకూ కష్టమే. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాలకు జనం వస్తారు, ఆ రోజు పెళ్లి అయితే ఒక గంట ముందే బయలుదేరండి.

బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు ఎక్కువ తెచ్చుకోండి. పవర్ బ్యాంకు, టార్చి, కాస్త నగదు కూడా. కరెంటు పోయి సిగ్నల్ కూడా పోతే ఫోన్లో డబ్బులు పంపడం కుదరదు. బయలుదేరేముందు పెళ్లికూతురి నాన్న నంబరు కాకుండా, వాళ్ల మేనమామదో బాబాయిదో నంబరు ఒకటి అడిగి రాసుకోండి. ముహూర్తం వేళ ఆ తండ్రి పీటల మీద ఉంటాడు, చప్టా మీద నీళ్లున్నాయో లేదో చెప్పడానికి ఫోన్ ఎత్తే మనిషి ఇంకొకరు కావాలి.