సీసా మీద ఏం రాశారో ముందు చూపించండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల లైసెన్సు ఫైళ్లు తయారుచేసే పని నాది. తైలమో చూర్ణమో పట్టుకుని వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఢిల్లీ వెళ్లాలా అండీ?" నేను సీసా తిప్పి లేబుల్ చదువుతాను. లోపలి నూనె ఒకటే అయినా, పైన రాసిన మాటను బట్టి దారి మారిపోతుంది.

"ఒంటికి మర్దనా నూనె, చర్మం మెత్తబడుతుంది" అని ఆగితే అది కాస్మెటిక్. 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద కాస్-5 దరఖాస్తు, కాస్-8 లైసెన్సు. "మోకాళ్ల నొప్పి తగ్గుతుంది" అన్నారా, మందు అయిపోయింది. ఆయుర్వేద మందైతే 24-డి ఫారం నింపాలి, వచ్చేది 25-డి లైసెన్సు. రెండూ రాష్ట్రం ఇచ్చేవే. ఢిల్లీలోని కేంద్ర మందుల నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీఓ) గడప తొక్కాల్సింది కొత్త అల్లోపతి మందుకి, విదేశీ మందుల దిగుమతికి, స్టెంట్ల లాంటి, ప్రమాదం ఎక్కువుండే సి, డి తరగతుల వైద్య పరికరాలకి.

ఆయుర్వేదంలో మళ్లీ రెండు రకాలు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న గ్రంథాల్లోని యోగాన్ని, అంటే మందు తయారీ పద్ధతిని, ఉన్నదున్నట్టు చేస్తే పని తేలిక, గ్రంథం పేరు చూపిస్తే చాలావరకు సరిపోతుంది. మా తాతగారి రహస్యం అంటే అది ప్రొప్రైటరీ మందు. 158-బి రూల్ ప్రకారం ఆధారాలు పెట్టాలి. రహస్యం రహస్యంగానూ మిగలదు: ఏ మొక్క, దానిలో ఏ భాగం, ఎంత వేశారో లేబుల్ మీద రాయాల్సిందే.

ఈమధ్య ఒకాయన తెచ్చిన సీసా మీద ఒడియాలో కీళ్ల నొప్పులని బుద్ధిగా ఉంది. కిందనే తెలుగులో, చీమంత అక్షరాల్లో "పక్షవాతం, సుగర్‌కు కూడా" అని. భువనేశ్వర్‌లో తెలుగు ఎవరు చదువుతారులే అని ధీమా! 1954 నాటి మ్యాజిక్ రెమిడీస్ చట్టం ఈ రెండు జబ్బులూ నయమవుతాయని ప్రచారం చేయకూడదంటుంది. ఆ చట్టం లెక్కలో లేబుల్, రేపర్ కూడా ప్రకటనే. అచ్చువేయించిన లేబుళ్లన్నీ దండగ. అందుకే లేబుల్ ప్రెస్సుకి వెళ్లకముందే నా దగ్గరికి తెమ్మంటాను.

ఇక షెడ్డు. వంటింటి పొయ్యి మీద కాచేది నడవదు, తయారీ జాగా ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ టి ప్రకారం ముడిసరుకుకి, తయారీకి, ప్యాకింగుకి వేర్వేరు చోటు చూపాలి. పట్టా ఉన్న ఆయుర్వేద నిపుణుడు పూర్తికాలం ఉండాలి. సర్టిఫికెట్ అద్దెకిచ్చే డాక్టర్లు దొరుకుతారు, వాళ్ల జోలికి పోకండి. తనిఖీ రోజున ఆయన లేకపోతే టెన్షన్ పడేది మీరే.

సరిహద్దు సంగతి కూడా చెప్పాలి. లైసెన్సు తయారీ జాగాకి ఇస్తారు. ఒడిశా లైసెన్సుతో తయారైన సరుకు ఆంధ్రలోని పాతపట్నంలో అమ్ముకోవచ్చు, ఆయుర్వేద మందు అమ్మకానికి విడిగా లైసెన్సు అక్కర్లేదు. అద్దె తక్కువని షెడ్డే అటు మార్చారా, ఆంధ్రలో మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి.