సెయిల్‌బోట్ మీద మోటార్ లేపే క్రేన్ ఎలా కట్టాలి?

అమెరికాలోని చెసాపీక్ బేలో లంగరు వేసి, ఊగే డింగీలో (సెయిల్‌బోట్ వెంట ఉండే చిన్న పడవలో) నిలబడి, దాని వెనక తగిలించే 27 కిలోల అవుట్‌బోర్డ్ మోటార్‌ని సెయిల్‌బోట్ పైనున్న మనిషికి చేతులతో అందించిన రోజులు నాకూ ఉన్నాయి. నడుం పట్టేశాకే క్రేన్ కట్టాను. బూమ్‌కి (తెరచాప అడుగున ఉండే అడ్డ దూలానికి) కట్టి లేపితే చాలదా అంటారు కొందరు. అల వచ్చి బూమ్ జరిగితే మోటార్ ఉయ్యాలూగి పడవ పక్కకి కొట్టుకుంటుంది. మీ ఇష్టం.

కావలసినవి: 316 రకం స్టెయిన్‌లెస్ పైపు (ఒకటిన్నర అంగుళం, 2 మి.మీ. మందం), క్యామ్ క్లీట్ (తాడుని పళ్లతో పట్టి ఆపే బిగింపు) ఉన్న నాలుగు వరసల కప్పీల సెట్టు, 8 మి.మీ. పాలిస్టర్ తాడు 12 మీటర్లు, మోటార్‌కి తొడిగే బెల్టు. నైలాన్ తాడు సాగుతుంది, వద్దు. నూతి గిలకలా ఒక్క కప్పీ పెడితే బరువు తగ్గదు. నాలుగు వరసలైతే ఏడెనిమిది కిలోలు లాగినట్టుంటుంది.

1. పైపుని తలకిందులైన ‘L’లా వెల్డింగ్ చేయించండి. చెయ్యి 60 సెం.మీ., రెయిలింగ్‌కి మీటరు ఎత్తులో. చివర కప్పీకి రింగు.

2. నిలువు పైపుని నిలబెట్టండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పైపుని పట్టే రెండు క్లాంపులూ రెయిలింగ్ మీదే, జానెడు దూరంలో బిగించేస్తారు. లెక్క చూడండి: 60 సెం.మీ. చెయ్యి చివర 27 కిలోలు వేలాడితే, 20 సెం.మీ. దూరంలో ఉన్న ఒక్కో క్లాంపు మీద 81 కిలోల తోపుడు పడుతుంది. అల కుదుపు దీనికి అదనం. అదే పైపు అడుగు డెక్ (పడవ పైతట్టు) మీద బోల్టులతో బిగించిన గిన్నెలో కూర్చుని, పైపుని చుట్టి పట్టే పై రింగు 60 సెం.మీ. ఎత్తున రెయిలింగ్‌కి ఉంటే 27 కిలోలే.

డెక్ లోపల బాల్సా అనే తేలిక చెక్క ఉంటే బోల్టు రంధ్రం పెద్దగా తొలిచి, ఎపాక్సీ (గట్టిపడే జిగురు) నింపి, ఆరాక మళ్లీ తొలవండి. లేదంటే నీళ్లు దిగి చెక్క కుళ్లుతుంది. డెక్ అడుగున బోల్టులకి వెడల్పాటి పలక తప్పనిసరి. ఉత్త వాషర్లతో సరిపెట్టిన ఒక క్రేన్‌ని చూశాను, డెక్ చుట్టూ చిట్లింది.

3. కప్పీలు తగిలించండి. క్యామ్ క్లీట్‌ని నమ్మి వదిలేయకండి, తాడు కొసని మామూలు క్లీట్‌కి (తాడు చుట్టి కట్టే కొమ్ముకి) కూడా చుట్టండి.

4. మొదటిసారి మోటార్ లేపొద్దు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు వేలాడదీయండి. ముందే పై రింగు అంచున పైపు మీద పెన్సిల్ గీత గీసి ఉంచండి. దించాక గీత జరిగి కనిపిస్తే బోల్టులు బిగించి ఊరుకోకండి, గిన్నె, పలక విప్పి చూడండి.